కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకోమన్నారు

కుడిచెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకోమని ఆవిడ చెప్పేనాటికి నాకు నలభై నాలుగేళ్ళు. హార్మోనియం మెట్ల మీద మొదటిసారి వేళ్ళు పెట్టింది తొమ్మిదో ఏట. అంత అనుభవం ఉన్నదాన్ని పట్టుకుని, బళ్ళో అల్లరి పిల్లకి చెప్పినట్టు చెప్తే మండదా? మండింది. కానీ పక్కనే మా అమ్మాయి పాడటానికి నోరు తెరిచి నిలబడి ఉంది. అందుకని నవ్వి "ష్యూర్" అన్నాను. ఈ దేశంలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు వాడిన మాట అదే.

ఆవిడంటే, టెక్సాస్‌లో మేముండే కాపెల్‌లో, ఒక చర్చికి ఆర్గాన్ వాయించే పెద్దావిడ. అమెరికన్. డెబ్భై దాటాయి. మా తెలుగువాళ్ళ కూడిక ఆదివారం మధ్యాహ్నాలు ఆ చర్చి వెనక హాల్లోనే జరుగుతుంది. ఒక ఆదివారం ఆవిడ కళ్ళజోడు మరిచిపోయి వెనక్కి వచ్చి, హాలు గుమ్మంలో నిలబడి మా అమ్మాయి పాట విన్నది. పాటయ్యాక నేరుగా నా దగ్గరికి వచ్చి, ఈ పిల్ల గొంతులో వణుకు లేదు, పాతకాలపు భక్తి పాటలకి ఇలాంటి గొంతే కావాలి, నేను నేర్పిస్తాను అంది. మీరెలాగూ కీబోర్డ్ వాయిస్తున్నారు కదా, మీరే పక్కన వాయించండి అని కూడా అంది. ఆ రోజు నేను గాల్లో తేలుతూ ఇంటికొచ్చాను.

ఎందుకంటే నాకు ఈ దేశంలో ఇంకో పని లేదు. ఉండకూడదు కూడా. నాది మా ఆయన వీసాకి తోక వీసా. ఆయన కంపెనీ మారినప్పుడల్లా మా ఫైలు మళ్ళీ మొదటికొచ్చేది, నా వర్క్ పర్మిట్ మాత్రం రాలేదు. పోనీ కారెక్కి నాలుగు చోట్లకి తిరుగుదామా అంటే, డ్రైవింగ్ టెస్ట్‌లో కారుని రెండు గుర్తుల మధ్య పెట్టమన్న చోట రెండుసార్లు ఫెయిలయ్యాను. రెండోసారి పక్కన కూర్చున్నాయన నా వైపు జాలిగా చూశాడు. ఆ చూపు తర్వాత మూడోసారి వెళ్ళలేదు. కాపెల్‌లో కారు నడపలేని మనిషి ఇంట్లో ఉన్న ఫ్రిజ్‌తో సమానం, ఎక్కడ పెట్టింది అక్కడే ఉంటుంది. పొద్దున్న ఎనిమిదింటికి ఆయన ఆఫీస్‌కి, పిల్ల స్కూల్‌కి వెళ్ళాక, సాయంత్రం దాకా నేనూ, ముందుగదిలో కీబోర్డూ.

మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. ఇంట్లో ఈ దేశపు పాస్‌పోర్ట్ ఉన్నది దానికొక్కదానికే. పదహారు నిండగానే లైసెన్స్ తెచ్చుకుంది, మొదటిసారికే. అప్పట్నుంచి నన్ను చర్చికి తీసుకెళ్ళేది అదే. నేను పక్క సీట్లో కూర్చుని, లేని బ్రేకుని కాలితో తొక్కుతూ ఉంటాను.

ఇక కుడిచెయ్యి సంగతి. మా గుంటూరు వైపు చర్చిలో హార్మోనియం అంటే ఎడమచెయ్యి తిత్తి కొట్టడానికే, వాయించేదంతా కుడిచెయ్యే. పాడేవాళ్ళు ఏ స్వరం పాడితే ఆ స్వరం మీద వేలు పడాలి. చేతనైతే రవ్వంత ముందే పడాలి. మా సంఘంలో పాటల పుస్తకం చదవలేని పెద్దవాళ్ళు సగం మంది ఉండేవాళ్ళు. వాళ్ళకి వరస చూపించేది హార్మోనియమే. నాకు నేర్పింది మా మేనత్త. "మనం తప్పితే సంఘం మొత్తం తప్పుద్దే, జాగ్రత్త" అనేది. పాడేవాళ్ళని వదిలెయ్యడం అంత పాపం ఇంకోటి లేదన్నట్టు పెరిగాను నేను.

పెద్దావిడ పాటలు అలాంటివి కావు. నాలుగు వందల ఏళ్ళ కిందటివి, మాట లాటిన్. ఒక్క పై గొంతు, కింద ఒక చిన్న ఆర్గాన్, అంతే. ఆర్గాన్ వాయించేవాళ్ళ కాగితం మీద ఎడమచేతికి కింది స్వరాల వరస ఒక్కటే రాసి ఉంటుంది. దాని కింద చిన్న చిన్న అంకెలు. ఆరు, నాలుగు, ఏడు. ఆ అంకెల్ని బట్టి మిగతా స్వరాలు మనమే అప్పటికప్పుడు పేర్చుకోవాలి. నేను డిగ్రీలో లెక్కలు చదివినదాన్ని. వారం తిరక్కుండా అంకెలు పట్టేశాను. పెద్దావిడ కూడా మెచ్చుకుంది. కానీ ఒక్క నియమం ఉంది. పాడే మనిషి వరసని ఆర్గాన్ వాయించకూడదు. గొంతు ఎటు పోతే అటు పోనివ్వాలి, కింద నేల మాత్రం పరచాలి.

నా కుడిచెయ్యి వింటేనా? అలవాటులో పొరపాటు. అంకెలు చూస్తూ చూస్తూనే చిటికెనవేలు జారి పిల్ల పాడే స్వరం మీదికి పోయేది. పెద్దావిడ పెన్సిల్‌తో స్టాండ్ మీద కొట్టేది. నేను సారీ చెప్పేదాన్ని. నాలుగు వరసలయ్యాక మళ్ళీ అదే. అలా మూడు వారాలు ఓపిక పట్టి, ఆ రోజు చెయ్యి ఒళ్ళో పెట్టుకోమంది. ఎడమచేత్తో కింది స్వరాలు ఒక్కటే వాయించమంది. వాయించాను. మా అమ్మాయి మొదటి వాక్యం బాగానే పాడింది. రెండో వాక్యం దగ్గర నా వైపు చూసింది. మూడో వాక్యం మొదలుపెట్టాల్సిన చోట ఆగిపోయింది. స్వరం దొరకలేదు దానికి. మళ్ళీ మొదట్నుంచి. మళ్ళీ అక్కడే ఆగింది.

పెద్దావిడ కోప్పడలేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది. ఈ పిల్లకి మంచి గొంతుంది గానీ పుట్టినప్పట్నుంచి వేలు పట్టుకు నడిపించారు, ఇప్పుడు వేలు వదిలితే పడుతోంది అని నెమ్మదిగా చెప్పింది. డిసెంబర్‌లోగా కాలేజ్‌కి వీడియో పంపాలి, దానికి ఇంకా ఆరు వారాలుంది, అన్నాళ్ళూ నేనే వాయిస్తాను అంది. వీడియో ఒక్క ఊపులో తీయాలట, మధ్యలో కోతలూ అతుకులూ ఉండకూడదట. దాన్ని విని నచ్చితేనే ఆ కాలేజ్‌వాళ్ళు మ్యూజిక్ చదవడానికి పిలుస్తారు. మా అమ్మాయి తొమ్మిదో క్లాసు నుంచి ఆ ఒక్క కాలేజ్ పేరే జపం చేస్తోంది.

ఇంటికొచ్చేటప్పుడు కారు నడుపుతూ మా అమ్మాయే అంది.

"అమ్మా, డోంట్ ఫీల్ బ్యాడ్. నువ్వు ఆల్వేస్ నా నోట్ ప్లే చేస్తావ్ కదా. నేను నా ఓన్‌గా ట్రై చేయాలి."

"నేనేం ఫీల్ అవలేదు" అన్నాను. "సిగ్నల్ చూసి నడుపు."

మా ఆయనకి చెప్తే, లాప్‌టాప్ లోంచి తల ఎత్తకుండా, "పోనీలేవే, ఆవిడే వాయిస్తే పోలా? నీకూ రెస్ట్ దొరుకుద్ది" అన్నాడు. రెస్ట్! పదిహేడేళ్ళుగా రెస్టే కదా నాది. ఆ రాత్రి ఆయనకి చారు కొంచెం ఎక్కువ కారంగానే పెట్టాను.

పెద్దావిడ ఆర్గాన్ భాగం ఒక్కటీ వాయించి ఫోన్‌లో రికార్డ్ చేసి ఇచ్చింది. మా అమ్మాయి దాన్ని పెట్టుకుని పైన తన గదిలోని బట్టల అల్మారాలో సాధన చేసేది. ఇక్కడి అల్మారాలు, క్లాజెట్లంటారు, మనిషి దూరేంత ఉంటాయి. చుట్టూ బట్టలుంటే గొంతు మోగదు, తప్పులు ఉన్నవున్నట్టు వినిపిస్తాయట. సాయంత్రం అయిదింటికి తలుపు వేసుకుని, కోట్ల మధ్య నిలబడి, లాటిన్‌లో దేవుణ్ణి పిలిచేది. నేను కింద ఉల్లిపాయలు తరుగుతూ వినేదాన్ని. వినడం ఎలాగంటే, ఆ అల్మారా పైకప్పులో ఏసీ గాలి వచ్చే జాలీ, వెంట్ అంటారు, ఒకటుంది, ముందుగదిలో నా కీబోర్డ్ పక్కన గోడకి ఇంకోటి. రెండూ ఒకే గొట్టం. పైన దగ్గితే కింద వినపడేది.

ఒకరోజు పెద్దావిడ ఆ పాటల గురించి ఒక సంగతి చెప్పింది. వాటిలో కొన్ని కాన్వెంట్‌లో సన్యాసినులు పాడినవట. లోపలికెళ్ళిన ఆడవాళ్ళు మళ్ళీ బయటికొచ్చేది లేదు. ఊళ్ళోవాళ్ళు బయటి గదిలో కూర్చుంటే, మధ్య గోడలో ఇనప జాలీ, దాని వెనక నుంచి పాట. పాడేదెవరో ఎవరికీ కనపడదు. మా అమ్మాయి "దట్స్ సో సాడ్" అంది. నేను మాత్రం, వాళ్ళ పాట వినడానికి కనీసం ఊరు వచ్చి కూర్చునేది అనుకున్నాను. సన్యాసినుల మీద అసూయపడ్డ ఇల్లాలు ఆ చర్చిలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

రెండోవారంలో నేను ఆ పని మొదలుపెట్టాను. పిల్ల పైన పాడుతోంది. మూడో వాక్యం దగ్గర ఆగింది. ఫోన్‌లో ఆర్గాన్ ముందుకి పోతోంది, దాని గొంతు లేదు. కత్తి పక్కన పడేసి కీబోర్డ్ దగ్గరికి వెళ్ళి, శబ్దం బాగా తగ్గించి, ఆ వాక్యం మొదటి స్వరం ఒక్కటే నొక్కాను. గొట్టంలోంచి పైకి పోయింది. వెంటనే అది అందుకుంది.

అంతే, ఇక రోజూ అదే. ఆ పాటల్లో ప్రతి వాక్యానికీ ముందు పాడే మనిషికి కాస్త విరామం ఉంటుంది. ఆ విరామంలో నేనొక స్వరం వేసేదాన్ని. మొదట ఒక్కటి, తర్వాత రెండు. మూడోవారానికి వరస సగం పైగా వాయిస్తున్నాను. దానికి వినపడుతోందా అనే అనుమానం వచ్చినా, వినపడితే దిగొచ్చి కేకలేసేది కదా అని సమాధానం చెప్పుకున్నాను. తనకి తెలియకుండానే నా స్వరం చెవిన పడుతోంది, తనంతట తనే పాడుతున్నాననుకుంటోంది, పోనీలే అనుకున్నాను. సాయంత్రం కిందికి దిగి, "అమ్మా, టుడే ఇట్ వెంట్ గుడ్" అనేది. నా ముఖం వెలిగిపోయేది. ఆ అయిదింటి కోసం పొద్దున్నుంచి ఎదురుచూసేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ వారాల్లో నేను చాలా సంతోషంగా ఉన్నాను.

రికార్డింగ్‌కి రెండు వారాలుందనగా భయం పట్టుకుంది. చర్చిలో ఏసీ గొట్టం పక్కన నేనుండను కదా. అక్కడ మూడో వాక్యం దగ్గర ఆగిపోతే? నాలుగేళ్ళుగా అది కలవరించిన కాలేజ్ నా చిటికెనవేలి మూలంగా పోతే? చెప్పేద్దామంటే, ఇన్నాళ్ళూ నువ్వు ఒంటరిగా పాడలేదే, నేను పాడించాను అని ఏ నోటితో చెప్పను? ఉన్న ధైర్యం కాస్తా పోతుంది. చెప్పకపోతే అక్కడ అందరి ముందూ పడుతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

సరే, కనీసం ఆపేద్దాం అనుకున్నాను. ఒక మంగళవారం అయిదింటికి కీబోర్డ్ తీగ గోడలోంచి పీకేసి, సోఫాలో చేతులు కట్టుకుని కూర్చున్నాను. పైన పాట మొదలైంది. మొదటి వాక్యం, రెండో వాక్యం. మూడో వాక్యం దగ్గర తప్పు స్వరం పడింది. ఆగి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ తప్పు. నాలుగుసార్లు. కాసేపటికి దిగొచ్చి, మెట్ల మీద నిలబడి నావైపు చూసింది.

"ఈరోజు రావట్లేదు అమ్మా. ఐ డోంట్ నో వై."

"అలిసిపోయావ్ నాన్నా. రేపు వస్తుందిలే" అన్నాను.

మర్నాడు అయిదింటికి ముందే తీగ గోడకి గుచ్చాను. తల్లి చేసే పనేనా అది అని ఎవరైనా అడగొచ్చు. తల్లి కాబట్టే చేశాను, అంతకంటే పెద్ద కారణం లేదు. లేదనే అనుకున్నాను అప్పుడు.

రికార్డింగ్ ఒక శనివారం పొద్దున్న. చర్చిలో మేం ముగ్గురమే. ఆయన పార్కింగ్‌లో కారులో ఆఫీస్ కాల్‌లో ఉన్నాడు. పెద్దావిడ చిన్న ఆర్గాన్ ముందు కూర్చుంది. ఫోన్ స్టాండ్ మీద పెట్టారు. నాకు పేజీలు తిప్పే పని ఇచ్చారు. ఆవిడ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటే మెట్లు నాకు జానెడు దూరంలో ఉన్నాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను, అవి నా మాట వింటాయన్న నమ్మకం లేక.

పాట మొదలైంది. మొదటి వాక్యం అయింది. రెండో వాక్యం అయింది. ఆర్గాన్ రెండు స్వరాలు వేసి పిల్ల కోసం ఆగింది. ప్రభువా, నాకు ఏ శిక్షయినా వెయ్యి, దీన్ని మాత్రం ఇక్కడ నిలబెట్టు అని లోపల మొక్కుకున్నాను. అది నా వైపు చూడలేదు. పెద్దావిడ వైపూ చూడలేదు. ఎదురుగా ఉన్న ఖాళీ బల్లల వైపు చూస్తూ మూడో వాక్యం ఎత్తుకుంది. స్వరం ఉన్నచోటే ఉంది. అక్కడితో ఆగలేదు, కింద ఆర్గాన్ ఒక దారిన పోతుంటే తను ఇంకో దారిన పోయి, రెండూ ఒరుసుకునే చోట తొణక్కుండా నిలబడి, నింపాదిగా వచ్చి కలిసింది. నేను కింద కూర్చుని వాయించిన వరస అది కానే కాదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి తీయాలో అంతా వేరు. నేనెప్పుడూ వినని పాట అది. పేజీ తిప్పడం మరిచిపోయాను. పెద్దావిడే ఎడమచెయ్యి ఆపకుండా కుడిచేత్తో తిప్పుకుంది.

ఒక్క ఊపులో అయిపోయింది. పెద్దావిడ లేచి మా అమ్మాయిని కావలించుకుంది. నేను కాగితాలు సర్దాను. నాకు ఏడుపొచ్చింది గానీ, అది సంతోషమో ఇంకోటో నాకే తెలియలేదు.

ఆయన కాల్ ఇంకా కాలేదు, చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వెనక సీట్లోకి మారాడు. పిల్ల కారు తీసింది. ఎలాగూ గండం గడిచింది, ఇక చెప్పేద్దాం అనుకున్నాను.

"నీకొక విషయం చెప్పాలే. నువ్వు అల్మారాలో పాడేటప్పుడు నేను కింద..."

"వెంట్‌లోంచా? ఐ నో, అమ్మా."

"ఎప్పట్నుంచి?"

"ఫస్ట్ డే నుంచి. ఇట్స్ లౌడ్, అమ్మా. క్లాజెట్ మొత్తం వినపడుద్ది."

తను చెప్పుకుంటూ పోయింది. రోజూ స్కూల్‌లో లంచ్ టైమ్‌లో పార్కింగ్‌లో కారులో కూర్చుని, అద్దాలు ఎత్తుకుని ప్రాక్టీస్ చేసేదట. అక్కడే వచ్చేసిందట, మూడోవారానికల్లా. మరి ఇంట్లో సాయంత్రాలు?

"అది నీకోసం" అంది. సిగ్నల్ దగ్గర కారు ఆపింది. "నువ్వు డే మొత్తం ఒక్కదానివే ఉంటావ్ కదా. నేను దిగొచ్చేసరికి హ్యాపీగా ఉండేదానివి. ఆపమని ఎలా చెప్పను?"

వెనక సీట్లో ఆయన ఎవరికో టెస్టింగ్ అయిపోయిందని చెప్తున్నాడు.

"మరి ఆ మంగళవారం?" అన్నాను. "నేను వాయించని రోజు తప్పు పాడావుగా, నాలుగుసార్లు."

అది స్టీరింగ్ వైపు చూసింది. "కావాలనే పాడాను. నువ్వు మళ్ళీ ప్లే చేస్తావని."

నాకు ముందు కోపం వచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల నన్ను సాకుతోందా? తర్వాత సిగ్గేసింది. దానికి నేను కావాలి అనుకుంటూ ఇన్ని వారాలు బతికాను. నాకేదో ఒక పని ఉండాలని అది వచ్చిన పాటని రానట్టు పాడింది. గొంతు తప్ప ఇంకే ఆస్తీ లేని పిల్ల, ఆ గొంతుని నాకోసం చెడగొట్టుకుంది, ఒక్క సాయంత్రమైనా సరే.

"ఇంకెప్పుడూ నాకోసం తప్పు పాడొద్దు" అన్నాను.

"ఓకే" అంది. "మరి నేను కాలేజ్‌కి వెళ్ళిపోతే నువ్వు ఏం చేస్తావ్, అమ్మా?" అని అడిగింది.

అది ఆటపట్టించడానికి అడగలేదు. నిజంగా జవాబు కావాలి దానికి, అది చెప్తే గానీ వెళ్ళలేనన్నట్టు నావైపు చూస్తోంది. పచ్చలైటు పడింది. వెనక కారువాడు హారన్ కొట్టాడు.

"ముందు నువ్వు పోనియ్" అన్నాను.